ఆరెంజ్‌కు మన నారింజే మూలమా?

నారింజతొన: స్పానిష్‌లో నరాంహ, పోర్చుగీసులో లరాంజ, ఇటాలియన్‌లో అరాంచ, హంగేరియన్‌లో నరంచ్. వీటి పక్కన మన నారింజను పెట్టి చూస్తే అన్నీ ఒక తల్లి బిడ్డలేనని తెలిసిపోతుంది. సంస్కృత నారంగ శబ్దం ద్రావిడ భాషల నుంచి వచ్చిందని భాషావేత్తలే అంటున్నప్పుడు, యూరప్ మాటకు తెలుగే మూలమని చెప్పుకోవడానికి మనకు సంకోచమెందుకు?

శకటరేఫ: ద్రావిడ మూలం అనడం వేరు, తెలుగు మూలం అనడం వేరండీ. ద్రావిడ వాదానికి తమిళ నారత్తై, మలయాళ నారంగ ఆధారాలు. సంస్కృత నారంగ పారసీకంలో నారంగ్ అయింది; అరబీలో గకారం లేనందువల్ల నారంజ్‌గా మారి, అరబ్బులతో స్పెయిన్ చేరింది. మన మాటలోనూ ఉన్నది జకారమే కనుక, అది ఇక్కడి నుంచి వెళ్లిన రూపం కాదనీ, పారసీక, అరబీల మీదుగా తిరిగొచ్చిన రూపమనీ నా అభిప్రాయం. వాసన అనే అర్థమున్న తమిళ ధాతువుతో ముడిపెట్టేవారూ ఉన్నారు గాని, ఆ ధాతువులో ఉన్నది బండి ఱ, నారత్తైలో ఉన్నది మామూలు ర. ఆ తేడాకు సమాధానం చెప్పకుండా ముడి వేయడం నాకు సమ్మతం కాదు.

దారినపోయే దానయ్య: ఇంగ్లీషువాళ్లు "ఎ నారెంజ్"ను "యాన్ ఆరెంజ్"గా విడదీయడం వల్ల నకారం పోయిందని మా మాస్టారు చెప్పేవారు. నిజమేనా?

శకటరేఫ: "నేప్రన్" అలాగే "ఏప్రన్" అయింది గాని, ఆరెంజ్ సంగతి వేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చేనాటికే అందులో నకారం లేదు. ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లో ముందుండే "ఉన్" వంటి ఉపపదంలో అది కలిసిపోయి ఉంటుంది. బంగారమనే అర్థమున్న ఫ్రెంచి "ఓర్" ప్రభావంతో మొదటి అచ్చు మారిందని కూడా అంటారు. ఇక నెదర్లాండ్స్ రాజవంశం పేరులోని ఆరెంజ్‌కు పండుతో పుట్టుక సంబంధమే లేదు. అది దక్షిణ ఫ్రాన్సులోని అరౌసియో అనే రోమన్ పట్టణం పేరు నుంచి వచ్చింది.

నారింజతొన: తెలుగు మూలమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ద్రావిడ మూలాన్ని మాత్రం వదలను. మరొక్క సంగతి గమనించండి: గ్రీకులో పుల్లని పండు నెరాంజి, పోర్చుగీసువారి పేరు మోస్తున్న తియ్యని పండు పొర్తొకాలి. మా ఇంట్లో కమలాలు ఒలుచుకుని తింటాం, నారింజకాయను పులిహోరలో పిండుతాం. ఏ దారిన తిరిగొచ్చినా, మన దగ్గర ఆ పేరు ఇంకా పులుపునే అంటిపెట్టుకుని ఉంది.