బృందం బొంత: ఇరవై బ్లాకులు, తలా ఒక సైజు. ఎలా కలపాలి?

కలనేత:
మా క్విల్టింగ్ (బొంతలు కుట్టే) బృందంలో తలా ఒక బ్లాకు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరం, కుట్టి ఇచ్చారు. మొత్తం 20, అడ్డం 4, నిలువు 5 వరసలు. కుట్టుబడితో (కుట్టు కోసం అంచున వదిలే బట్టతో) కలిపి ఒక్కోటి 12½ అంగుళాలు ఉండాలి. పద్నాలుగు సరిగ్గానే ఉన్నాయి. నాలుగు మాత్రం 12కూ 12¼కూ మధ్య ఆగాయి, రెండు 12¾ వచ్చాయి. చాలావాటిలో నక్షత్రాలు ఉన్నాయి, అంచు కోస్తే మొనలు తెగిపోతాయి. వచ్చే సమావేశంలో అందరం కూర్చుని వరసలు కలపాలి. వీటిని సరిచేసే దారి ఏమిటి? అడుగు బట్ట, బైండింగ్ (చుట్టూ అంచు మూసే పట్టీ) ఎంత తీసుకోవాలి? ఒక బ్లాకులో ఉతకని ముదురు ఎరుపు కూడా ఉంది, అది రంగు వదులుతుందేమోనని భయం.

పిన్నీసు:
ముందు కత్తెర పక్కన పెట్టండి. ఆరు బ్లాకులనూ తిరగేసి, కుట్ల దగ్గర బట్ట మడత పడి ఉందేమో చూడండి. కుట్టు పూర్తిగా విచ్చుకోకుండా ఇస్త్రీ చేస్తే ఒక్కో కుట్టు దగ్గర కొంత బట్ట దాక్కుంటుంది. పొట్టిగా కనిపించే బ్లాకుల్లో కొన్ని దీనితోనే సర్దుకుంటాయి. ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ లాగకండి, ఎత్తి పెట్టి నొక్కండి. లాగితే క్రాస్ (ఏటవాలుగా కోసిన) అంచులు సాగిపోతాయి. 12¾ వచ్చిన రెండూ అలా సాగినవే కావచ్చు.

అప్పటికీ తేడా ఉంటే ఇరవైకీ చుట్టూ ఫ్రేమ్ వేయండి. 1½ అంగుళాల పట్టీలు ముందు రెండు పక్కలా, తర్వాత పైనా కిందా కుట్టి, బ్లాకు నడిమి బిందువును స్కేలు నడిమికి తెచ్చుకుని అన్నిటినీ 13½కి కోయండి. 12 అంగుళాల బ్లాకు చుట్టూ ముప్పావు అంగుళం ఫ్రేమ్ మిగులుతుంది, 12¾ బ్లాకు చుట్టూ అంగుళంలో మూడెనిమిదో వంతు. ఫ్రేమ్, బ్లాకుల మధ్య వేసే పట్టీలు ఒకే బట్టలో ఉంటే ఆ తేడా కంటికి ఆనదు, మొనలన్నీ భద్రంగా ఉంటాయి. ఫ్రేములకు ఒకటిన్నర మీటర్లు చాలు.

గళ్లచీర:
ఆరింటి కోసం ఇరవైకీ ఫ్రేమా? నేనైతే ముందు వేరే దారి చూస్తాను. తేడా ఎనిమిదో వంతు అంగుళం లోపు ఉంటే కుట్టులోనే సర్దేయొచ్చు. రెండు చివర్లు, నడుమ, మళ్లీ వాటి మధ్య గుండుసూదులు గుచ్చి, పొడవు ఎక్కువున్న ముక్కను అడుగున ఉంచి కుట్టండి. మెషీన్ పళ్లు అడుగు బట్టను కాస్త ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి వదులు అందులోనే కలిసిపోతుంది. పొట్టి బ్లాకుల్లో ఒకటి రెండు కుట్లు విప్పి సన్నగా మళ్లీ కుట్టొచ్చు. కుట్టుబడి మరీ సన్నమైతే మాత్రం ఉతుకులో ఊడుతుంది.

పిన్నీసు:
@గళ్లచీర గారూ, 12⅜ బ్లాకుకైతే మీరు చెప్పినదే సరి. 12 అంగుళాల దానికి పనికిరాదు. అరంగుళం వదులు ఏ మెషీనూ మింగదు, అక్కడ ముడతే పడుతుంది. విప్పి కుట్టడమంటే ఒకరు చేసిన పనిని ఇంకొకరు మార్చడం కూడా. బృందం బొంతలో అది వద్దనే నా గట్టి అభిప్రాయం.

పడుగుపేక:
ఫ్రేముతో లెక్క ఇదీ. బ్లాకు కుట్టాక 13. మధ్య పట్టీలు 2 అంగుళాలు (2½కి కోయాలి), మూలల్లో చదరపు ముక్కలు. పట్టీలు 13½ పొడవున 49, మూల ముక్కలు 30. అప్పుడు పై బట్ట 62 × 77 వస్తుంది, 4 అంగుళాల బార్డరుతో 70 × 85. అడుగు బట్ట ప్రతి వైపూ 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి కాబట్టి 78 × 93. 42 అంగుళాల పన్నా బట్టయితే 93 అంగుళాల ముక్కలు రెండు పక్కపక్కన కలపాలి, 5 మీటర్లు తీసుకోండి. బట్టకు నేతలోనే వచ్చే గట్టి అంచులు కోసేశాకే కలపండి. బైండింగుకు 2½ అంగుళాల పట్టీలు 9.

బార్డరు విషయంలో ఒక్క మాట. పొడవాటి పట్టీని తిన్నగా మెషీన్లో పెట్టి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కోసేస్తే అంచులు అలలుగా లేస్తాయి. బొంతను నడుమ, రెండు పక్కలా, మొత్తం మూడుచోట్ల కొలిచి సగటు తీయండి. పట్టీని ఆ కొలతకే కోసి, నాలుగు భాగాలుగా గుర్తు పెట్టి గుచ్చి కుట్టండి.

సమావేశంలో మెషీన్లు ఎన్ని ఉన్నా ఇస్త్రీ బల్లలు కనీసం రెండు పెట్టుకోండి. పని ఆగిపోయేది అక్కడే. బ్లాకులు నేల మీద పరిచాక ఫోటో తీసి, ప్రతి బ్లాకుకూ పై అంచున వరస, స్థానం రాసిన చీటీ గుచ్చండి. లేకపోతే ఇస్త్రీకి వెళ్లిన బ్లాకు తలకిందులై తిరిగొస్తుంది.

ఎరుపు గురించి: అదే బట్ట ముక్క మిగిలి ఉంటే తడిపి తెల్లబట్ట మీద పెట్టి ఇస్త్రీతో నొక్కండి. రంగు అంటితే ఆ బ్లాకును ఉతికిన బట్టతో మళ్లీ కుట్టించడమే మేలు. విడి బ్లాకును ఉతికితే అంచులు పోగులూడి కొలత చెడుతుంది. పూర్తయిన బొంతను మొదటిసారి ఉతికేటప్పుడు నీళ్లలోకి దిగిన రంగును పీల్చుకునే షీట్లు వేయండి. రంగు దిగినట్టు కనిపిస్తే ఆరనివ్వకుండా వెంటనే మళ్లీ నీళ్లలో వేయాలి.

కలనేత:
ఫ్రేమే వేస్తాం. ఇకముందు ఇలా కాకుండా సభ్యులకు ఏం చెప్పాలి?

గళ్లచీర:
ఫ్రేము మాట ఒప్పుకుంటున్నాను, మొనలున్నప్పుడు అదే మంచిది.

ఇకముందుకు: 1½ అంగుళాల పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయమనండి. మొత్తం 3½, నడిమి పట్టీ సరిగ్గా అంగుళం రావాలి. తక్కువొస్తే కుట్టుబడి ఎక్కువైనట్టు. పావు అంగుళానికి ఒక పోగు లోపలే కుట్టాలి, ఎందుకంటే మడత కూడా కొంత బట్ట తింటుంది. కుట్టుబడి అంగుళంలో పదహారో వంతు పెరిగినా, రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. అడ్డంగా నాలుగు కుట్లున్న నక్షత్రంలో అదే అరంగుళం.

నమూనా కాగితం పంపేటప్పుడు దాని మీద అంగుళం చదరం ఒకటి గీయండి. ప్రింటరు పేజీకి సరిపడేలా బొమ్మను కుదిస్తే అక్కడే తెలిసిపోతుంది. దారం సన్నటి కాటన్, 50 నంబరు. బట్టలు ఉతికి వాడాలా, ఉతక్కుండా వాడాలా అన్నది అందరికీ ఒకటే నియమం. అన్నిటికంటే ముఖ్యం, అంచు ఎవరూ ఇంట్లో కోయకుండా ఇవ్వాలి. ఒకే స్కేలుతో ఒక్కరే కోస్తే సగం తేడాలు పుట్టవు.