ఆక్నిస్టస్ ఆర్బోరెసెన్స్ ఆకులు కషాయం పెట్టుకోవచ్చా?

మొక్కలపిచ్చోడు:
అందరికీ నమస్తే. ఎవరో ఇచ్చిన గింజలు వేస్తే ఆక్నిస్టస్ ఆర్బోరెసెన్స్ అనే పొద మొలిచింది, ఇప్పుడు నా ఎత్తు దాటేసింది, వంకాయ ఉమ్మెత్తల ఫ్యామిలీనే అంట. కొమ్మ పొడవునా చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా అంటుకుని పూస్తున్నాయి, వాసన భలే ఉంది, పూలు రాలాక నారింజ రంగు పళ్ళు. నెట్‌లో చూస్తే అశ్వగంధలో ఉండే పదార్థమే ఇందులోనూ ఉంది, క్యాన్సర్‌కి కూడా పనిచేస్తుంది అని ఉంది. నిజమేనా? ఆకులు మరిగించి తాగితే ఏమన్నా అవుతుందా?

కెమిస్ట్రీ_బాబాయ్:
పదార్థం సంగతి నిజమేనండి. దాని పేరు విథాఫెరిన్ ఎ. 1965లో అమెరికాలో కుప్చాన్ అనే కెమిస్ట్ టీమ్ ట్యూమర్లని ఆపే పదార్థం కోసం వెతుకుతూ మీ మొక్క నుంచే దాన్ని విడదీసింది, దాదాపు అదే టైమ్‌లో అశ్వగంధ ఆకుల్లోంచి ఇంకొకళ్ళు తీశారు. గమనించారా, ఆకుల్లోంచి. మనవాళ్ళు పెన్నేరు గడ్డ అని వాడేది అశ్వగంధ వేరుని, ఈ విథాఫెరిన్ ఎక్కువుండేది ఆకులో, కాబట్టి అశ్వగంధ చూర్ణం పడింది కదా అని ఈ ఆకుకి లెక్క కట్టకండి. ఇంకోటి, ఇది ప్రోటీన్లలో సిస్టీన్ అనే చోటు కనబడితే పట్టుకుని అతుక్కుపోయే రకం, క్యాన్సర్ కణంలో అతుక్కుంటుంది, మంచి కణంలోనూ అతుక్కుంటుంది. ల్యాబ్ ప్లేట్‌లో కణాలు చచ్చాయంటే ఏముంది, బ్లీచింగ్ పోసినా చస్తాయి.

సుజాత_గార్డెన్:
అలా తీసిపారెయ్యకండి బాబాయ్ గారూ, సెంట్రల్ అమెరికా, సౌత్ అమెరికాల్లో నాటువైద్యంలో ఎప్పట్నుంచో వాడుతున్నారు, గడ్డలకీ మొలలకీ. కోస్టారికాలో గుయితీతే అంటారు, కంచెగా వేస్తారు, బెరడు బెండులా మెత్తగా ఉంటుంది కాబట్టి దాని మీద ఆర్కిడ్లు కూడా పెంచుతారు.

కెమిస్ట్రీ_బాబాయ్:
తీసిపారెయ్యట్లేదమ్మా, ఆ నాటువైద్యం ఉంది కాబట్టే దీన్ని వెతకడంలో అర్థం ఉంది. కానీ ఎన్ని ఆకులు, ఎన్ని రోజులు, ఎవరికి అనేది ఎవరూ మనుషుల మీద సరిగ్గా తేల్చలేదు. అశ్వగంధ క్యాప్సూళ్ళు మింగి లివర్ దెబ్బతిన్న కేసులే రిపోర్ట్ అయ్యాయి, డెన్మార్క్ 2023లో బ్యాన్ కూడా చేసింది. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఈ జోలికే పోవద్దు.

మొక్కలపిచ్చోడు:
అయితే కషాయం క్యాన్సిల్ 😅 పళ్ళ సంగతేంటి మరి? పిట్టలు తెగ తింటున్నాయి, ఏం కావట్లేదు.

సుజాత_గార్డెన్:
పిట్టలకి పడేవి మనకి పడాలని రూలేం లేదు, వాటికే వదిలెయ్యండి. కొమ్మ ముక్క గుచ్చినా బతుకుతుంది, నాకొకటి కావాలి. ఆర్కిడ్ కోసం.