"ఒక్క ప్రాణము నిలిపినవాడు..." ఈ వాక్యం ఎవరికైనా గుర్తుందా?

తెనాలి తమ్ముడు:
వారం రోజులుగా ఒక వాక్యం బుర్రలో గిర్రున తిరుగుతోంది. చిన్నప్పుడు మా ఊరి లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత మాసపత్రిక ఒకటి ఉండేది. అందులో ఓ పేజీ అడుగున, డబ్బా కట్టి వేశారు: "ఒక్క ప్రాణము నిలిపినవాడు లోకమెల్ల నిలిపినవాడు". కింద చిన్న అక్షరాల్లో "యూదుల ధర్మశాస్త్రం" అని ఉన్నట్టు గుర్తు. యూదుల పాత ధర్మసంహిత మిష్నాలో, సన్హెద్రిన్ (న్యాయస్థానం) అనే భాగంలో 4:5 అని నాకూ తెలుసు, అది చెప్పనక్కర్లేదు. నా సందేహమల్లా ఒకటే. "ఒక్క ప్రాణము"కి ముందు "ఇశ్రాయేలులో" అన్న మాట ఉందా, లేదా? ఒకసారి ఉన్నట్టుంటుంది, ఒకసారి లేనట్టుంటుంది. ఆ పేజీ ఎవరి దగ్గరైనా ఉందా? తెలుగు చేసిందెవరు?

పాత నిఘంటువు:
పేజీ లేదు. హీబ్రూ మూలం సంగతైతే చెప్పగలను. అచ్చు ప్రతుల్లో "మియిస్రాయెల్" (ఇశ్రాయేలులో) అని కనిపిస్తుంది. బుడాపెస్ట్‌లో ఉన్న కౌఫ్‌మన్ రాతప్రతిలో ఆ మాట లేదు. అసలు ఆ పేరాలో వాదన చూడండి: మరణశిక్ష పడే కేసులో సాక్షుల్ని నిలబెట్టి భయపెడుతున్నారు. ఆదామును ఒంటరిగా ఎందుకు పుట్టించాడు? ఒక్క ప్రాణం తీస్తే లోకం మొత్తాన్ని తీసినట్టే అని చెప్పడానికి, "మా నాన్న మీ నాన్న కంటే గొప్ప" అని ఎవడూ అనకుండా ఉండడానికి. ఆదాము ఇశ్రాయేలువాడు కాదు కదా! ఆ మాట అక్కడ ఇమడదు. తర్వాత ఎవరో దూర్చారు.

తెనాలి తమ్ముడు:
బాగుంది గానీ సార్, నేను అడిగింది తెలుగు పేజీలో ఉందా అని.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
ఇశ్రాయేలు గొడవ అలా ఉంచండి. నాకు గుచ్చుకుంటున్నది "నిలిపిన". నిలుపు అంటే ఆపు అని కూడా. బండి నిలుపు. పని నిలిపివేశారు. ఊపిరి నిలిపాడు అంటే వాడు కాపాడినట్టా, పీక నొక్కినట్టా? అంత పెద్ద మాటకి ఇంత అనుమానాస్పదమైన క్రియ ఎవడూ వాడడు. "కాపాడినవాడు" అనో "రక్షించినవాడు" అనో ఉండి ఉంటుంది, తమ్ముడి జ్ఞాపకం తప్పు.

పాత నిఘంటువు:
మాష్టారూ, మన్నించాలి. అక్కడ హీబ్రూలో ఉన్నది "మెకయ్యెమ్". "కూమ్" ధాతువు, లేచి నిలబడు అని. సువార్తలో "తలీతాకుమీ" ఉంది చూడండి, "చిన్నదానా, లెమ్ము", ఆ కుమీ ఇదే. దానికి ప్రేరణార్థకం లాంటిది ఇది: నిలబెట్టు, నిలుపు. కాపాడు, రక్షించు అనేవి ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదాలు. ఇంకో చిత్రం, హీబ్రూలో మాట నిలబెట్టుకోవడానికీ ఇదే క్రియ, ఆజ్ఞను పాటించడానికీ ఇదే. మనమూ మాట నిలబెట్టుకుంటాం, పరువు నిలబెడతాం, ఇల్లు నిలబెడతాం, ప్రాణం నిలబెడతాం. ఆ తెలుగు చేసినాయనకి హీబ్రూ వచ్చి ఉండాలి.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
వచ్చి ఉండాలి, లేదా తెలుగు బాగా వచ్చి ఉండాలి. రెండోదే ఎక్కువ అరుదు.

ఆటవెలది అభిమాని:
నాకైతే ఇది పద్యపాదం ఒకటి చెదిరిపోయి వచనంగా మిగిలినట్టుంది. చూడండి:
ఒక్క ప్రాణి నిలుప లోకమ్ము నిలిపిన
మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఆటవెలది మొదటి పాదం చెక్కుచెదరకుండా ఉంది.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
యతి ఏదయ్యా? "ఒ"కీ "లో"కీ ఎలా కుదిరింది?

ఆటవెలది అభిమాని:
ప్రాసయతి అండి. ఒక్క, లోక.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
ద్విత్వ కకారానికి ఒట్టి కకారం ప్రాస! "లోక్కము" అంటావా? మా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేవాణ్ణి.

ఆటవెలది అభిమాని:
సరే, ఇదిగో: "ఒక్క ప్రాణి నిలుప నుర్వినే నిలిపిన". నిలుపన్ + ఉర్వినే. ఒ, ఉ స్వరయతి. ఇప్పుడు దింపండి బెంచీ మీంచి.

సంస్కృతం సగం:
యతి కుదిరింది, అర్థం పోయింది. ప్రాణి అంటే మేక కూడా ప్రాణే. ఉర్వి అంటే భూమి, అక్కడున్నది "ఓలామ్", లోకం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పొలం రాయించుకున్నట్టుంది. ఇంకా పెద్ద లోపం ఎవరూ పట్టుకోలేదు. తెలుగులో ఒక మనిషిని కాపాడినా "ప్రాణాలు కాపాడాడు" అంటాం. పోయినా ప్రాణాలే పోతాయి. అమరంలో "పుంసి భూమ్న్యసవః ప్రాణాః" అన్నాడు, అంటే ఎప్పుడూ బహువచనమే. "ఒక్క ప్రాణము" అనడమే అనువాదపు వాసన.

పాత నిఘంటువు:
"ప్రాణం పోయింది" అనట్లేదా మనం? "నా ప్రాణం తీయకు" అని రోజుకి పదిసార్లు అంటాం. అయినా మీరు బహువచనం ఎత్తారు కాబట్టి చెప్తాను. హీబ్రూలో జీవితానికి మాట "హయ్యిమ్", రూపం బహువచనం. నీళ్లు "మయ్యిమ్", అదీ బహువచనమే, మన నీళ్లలాగే. ఈ సన్హెద్రిన్ పేరా మొత్తం ఒక బహువచనం మీదే నిలబడింది. కయీను తమ్ముణ్ణి చంపాక ఆదికాండంలో ఉన్నది "దెమెయ్", రక్తాలు. రక్తాలు అన్నాడంటే వాడి రక్తం ఒక్కటే కాదు, వాడికి పుట్టాల్సిన వాళ్లందరి రక్తమూ అని మిష్నా లాగింది. మన తెలుగు బైబిల్లో "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది". ఆ "లు" పోయింది. దాంతో వాదనే పోయింది.

తెనాలి తమ్ముడు:
నీళ్లు, పాలు, కన్నీళ్లు అన్నీ బహువచనమై నెత్తురు మాత్రం ఏకవచనం ఎందుకైందో?

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
అది వేరే టాపిక్ పెట్టు. మంచి ప్రశ్న, ఇక్కడ పాడవుతుంది.

సంస్కృతం సగం:
ప్రాణం కోసం నియమం సడలించడం మన దగ్గర లేదా ఏమిటి? పోతన చెప్పనే చెప్పాడు:
వారిజాక్షులందు వైవాహికములందుఁ
బ్రాణవిత్తమానభంగమందుఁ
జకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము వొందదధిప!
యూదులు చెప్పే "పికూవఖ్ నెఫెష్" ఇదే కదా.

ఆటవెలది అభిమాని:
అహా, పోతన. ఆ "అధిప" దగ్గర ఆగి, శుక్రుడు గడ్డం సవరించుకున్నట్టు వినిపిస్తుంది నాకు. బలి ఆ మాట వినకపోవడం వల్లే కదా మనకి తర్వాతి పద్యాలు దక్కాయి.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
పోతన కంటే ముందు నన్నయ. ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతితో అంటుంది, "చను బొంకఁగఁ బ్రాణాత్యయమున" అని. వచ్చు కాదు, చను. చను అంటే తగును, చెల్లును. ఒక మెట్టు పైన.

పాత నిఘంటువు:
చనినా వచ్చినా రెండు చోట్లా ఎవరి ప్రాణమూ పోవడం లేదు. ఒకచోట పెళ్లి వ్యవహారం, ఇంకోచోట మూడడుగుల నేల. పైగా ఇవి అనుమతులు. నోటితో "చేయవచ్చు" అన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

పాలకొల్లు అక్క:
ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఈసారి రాయాలనిపించింది. నేను ఇజ్రాయెల్‌లో రమత్ గన్‌లో ఒక పెద్దావిణ్ణి చూసుకుంటాను. పద్యాలు నాకు రావు గానీ ఆ "వచ్చు" మాట మీద ఒకటి చూశాను. శనివారం పొద్దున్న, షబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం. ఆ రోజు ఇంట్లో స్విచ్ కూడా ముట్టుకోరు. అన్నం గిన్నెలు ముందురోజే వేడి పళ్లెం మీద పెట్టేస్తారు. మామ్మగారికి ఉన్నట్టుండి ఊపిరి ఆడలేదు, పెదాలు నల్లబడ్డాయి. నా ఫోన్ నా చేతిలోనే ఉంది, నేను యూదురాలిని కాదు, నేనే చేస్తాననుకున్నా. వాళ్లబ్బాయి నెత్తిన కిప్పా అనే చిన్న టోపీతో పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని అంబులెన్సు నంబరు 101 తనే నొక్కాడు. అంబులెన్సులో తనే ఎక్కాడు.

తర్వాత అడిగాను, నేను చేస్తే సరిపోయేది కదా, మీకు దోషం తప్పేది కదా అని. "దోషం ఏముంది, అది చేయడమే నా బాధ్యత. నీ చేత చేయిస్తే నా పిల్లలు చూసి, ఇది మనం చేయకూడని పని కాబోలు, వేరేవాళ్ల కోసం చూడాలి కాబోలు అనుకుంటారు. రేపు వేరేవాళ్లు దొరకని రోజున ఆ నిమిషం ఆలస్యమవుతుంది" అన్నాడు. కాబట్టి అక్కడ "వచ్చు" లేదు సార్. "వలెను" ఉంది.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
అమ్మా, ఇంతసేపూ మేము చేసిన చర్చ కంటే నీ ఫోన్ లాక్కోవడం బాగుంది. మామ్మగారు ఎలా ఉన్నారు?

పాలకొల్లు అక్క:
బాగున్నారండి. కోలుకున్నాక నన్నూ తీసుకెళ్లారు వాళ్ల సినగాగ్‌కి. ఆడవాళ్లు జాలీ వెనక కూర్చుంటారు. ఆవిడ లేచి, కర్ర పట్టుకుని, ఒక చిన్న ప్రార్థన చదివారు, గండం గడిచినవాళ్లు చదివేదట. చివర జాలీ అవతల మగవాళ్లంతా ఒక్కసారిగా బదులు పలికారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్లు జలదరించింది. తర్వాత స్వీట్లు పంచారు. మన గుడిలో మొక్కు తీర్చుకున్నట్టే.

పాత నిఘంటువు:
అది "బిర్కత్ హగోమెల్". అందులో చమత్కారమైన మాట ఒకటుంది. మేలు చేసేది "హయ్యావిమ్"కట, అంటే బాకీ పడ్డవాళ్లకి, దోషులకి. నా మంచితనం వల్ల బతకలేదు, బాకీ ఉండగానే బతికించావు అని. అక్క చెప్పినదానికి శాస్త్రం కూడా ఉంది. మధ్యయుగపు యూదు పండితుడు రాంబామ్ (మైమొనిడీస్) షబ్బాతు విధుల్లో ఇలాంటి పని పిల్లల చేతా అన్యుల చేతా చేయించకూడదు, ఇశ్రాయేలు పెద్దలు, పండితులే చేయాలి అన్నాడు. మిష్నా మీద వ్యాఖ్య అయిన యెరూషలేము తాల్మూదులో ఇంకా ఘాటుగా ఉంది: ప్రాణం మీదికి వచ్చినప్పుడు "చేయొచ్చా" అని అడగడానికి వెళ్లేవాడు నెత్తురు చిందించినవాడే. అడిగించుకున్న పండితుడికీ తలవంపులే. ఎందుకంటే అది సమాజమందిరంలో, అంటే సినగాగులో, అందరికీ ముందే చెప్పి ఉండాల్సింది. ఇక "పికూవఖ్" అంటే వట్టి రక్షణ కాదు. కూలిన గోడ కింద మనిషి ఉన్నాడేమోనని రాళ్లు తొలగించడం. ఉన్నాడో లేడో, బతికున్నాడో పోయాడో అన్న అనుమానం చాలు, షబ్బాతు అయినా తవ్వాల్సిందే.

సంస్కృతం సగం:
అంటే ప్రాణం కోసం ఏదైనా చేయవచ్చన్నమాట. మళ్లీ "వచ్చు"కే వచ్చాం.

పాత నిఘంటువు:
రాలేదు. మూడు ఉన్నాయి, ప్రాణం పోయినా చేయకూడనివి: విగ్రహారాధన, హత్య, వావివరసలు తప్పడం. శుక్రుడి జాబితా ఎక్కడ మొదలైందో చూశారుగా, వారిజాక్షుల దగ్గర. రెండు జాబితాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. తక్కిన ఆజ్ఞలన్నిటికీ లేవీయకాండం మాటే ఆధారం, "వాటిని గైకొనువాడు వాటివలన బ్రదుకును". బతకడానికే ఇచ్చాడు, చావడానికి కాదు అని. అక్కడా పండితులకి తగువు ఉంది. షబ్బాతు అప్పుడు "హుత్రా"నా, అంటే అడ్డే లేకుండా పోయిందా, లేక "దెహుయా"నా, అంటే అడ్డు ఉండగానే పక్కకి నెట్టారా అని.

ఆటవెలది అభిమాని:
"బ్రదుకు"లో ఆ రేఫ ఎప్పుడు రాలిందో ఎవరైనా చూశారా?

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
వేరే టాపిక్!

సంస్కృతం సగం:
సరే, నాదొక సొంత సిద్ధాంతం, నవ్వినా పర్లేదు. యూదులు చందాలు 18, 36, 180 అని ఇస్తారు, ఎందుకంటే "హయ్" అంటే జీవం, ఆ అక్షరాల విలువ 18. హేత్ 8, యోద్ 10. అక్షరాలకి అంకెలిచ్చే మన కటపయాదిలో "జయ" ఎంత? జ 8, య 1, తిరగేస్తే 18. భారతానికి పాత పేరు జయం, పర్వాలు 18. రెండు చోట్లా 8, రెండు చోట్లా యకారం!

పాత నిఘంటువు:
యోద్ 10, మీ య 1. తిరగేయడం మీకే ఉంది, వాళ్లకి లేదు. కాకతాళీయం.

సంస్కృతం సగం:
కాకి వాలింది, తాటిపండు పడింది. పండు అయితే ఉంది కదా.

చేబ్రోలు కుర్రోడు:
ఆలస్యంగా చూశాను. పైన "సమాజమందిరం" అన్నారు, ఆ మాట ఎంత బాగా కుదిరిందో గమనించారా? హీబ్రూలో "బేత్ క్నెసెత్" అంటే కూడుకునే ఇల్లు, గుడి కాదు. పాత బైబిలు అనువాదకులు ఆలోచించి పెట్టారు. మా వైపు కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం వాళ్ల మందిరం ఉంది, యూదుల ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు. వాళ్లలో పెద్దవాళ్లెవరికైనా ఈ వాక్యం తెలుగులో నోటికి వచ్చేమో. "నిలిపిన" అంటారో "రక్షించిన" అంటారో కనుక్కుంటాను.

తెనాలి తమ్ముడు:
తమ్ముడూ, కనుక్కునేటప్పుడు "ఇశ్రాయేలులో" ఉందా లేదా అన్నది మర్చిపోకు. అసలు అడిగింది అదే.

రిటైర్డ్ తెలుగు మాష్టారు:
ఆ పత్రిక ఏ సంవత్సరానిదో చెప్పు ముందు. నిలిపిన అన్నాడా, నిల్పిన అన్నాడా? నిల్పిన అయితే పద్యమే. అభిమానిగారికి ఒక మార్కు కలుపుతాను.

తెనాలి తమ్ముడు:
అట్టే లేదండి సార్, సంవత్సరం ఎక్కడ చూడను. లైబ్రరీ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. "లి" మీద గుడి ఉన్నట్టే గుర్తు.

ఆటవెలది అభిమాని:
గుర్తు అంటే సాక్ష్యం కాదు. సాక్షుల్ని ఎలా భయపెట్టాలో పైనే రాశారు.