కుడి డొక్క కింద నొప్పి, గాల్‌బ్లాడర్ రాళ్లంటున్నారు. ఏం చేయాలి?

లెస్టర్ నుంచి:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంగ్లండ్‌కి చదువుకోడానికి వచ్చాను. మొన్న రాత్రి బిర్యానీ తిన్నాక కుడివైపు డొక్క కింద భరించలేని నొప్పి, వాంతులు. గ్యాస్ మాత్ర వేసుకున్నా లాభం లేదు, రెండు గంటలకి దానంతటదే తగ్గింది. రూమ్మేట్ గాల్‌బ్లాడర్‌లో రాళ్లంటోంది. ఇంటికి ఫోన్ చేస్తే కొండపిండి కూర తినమన్నారు. ఇంకా జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ కాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

బర్మింగ్‌హామ్ నుంచి:
చెల్లీ, ముందు ఈరోజే జీపీ దగ్గర రిజిస్టర్ అవ్వు. ఇంగ్లండ్‌లో దానికి అడ్రస్ ప్రూఫ్ గానీ వీసా కాగితాలు గానీ తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో కాదంటే ఆ మాటే గట్టిగా చెప్పు. వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) కట్టావు కాబట్టి స్కాన్‌కీ ఆపరేషన్‌కీ విడిగా బిల్లు రాదు.

నువ్వు చెప్పింది చూస్తే రాళ్లే కావచ్చు, కానీ తేల్చాల్సింది అల్ట్రాసౌండ్. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని దాని కిందున్న గాల్‌బ్లాడర్ అనే చిన్న సంచి నిల్వ ఉంచుతుంది. మనం కొవ్వు ఉన్నది తిన్నప్పుడు ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి పంపుతుంది. రసంలో కొలెస్ట్రాల్ ఎక్కువై గడ్డకడితే చాలావరకు అవే రాళ్లు. ఎంతోమందిలో అవి ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండిపోతాయి, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. సంచి ముడుచుకునేటప్పుడు రాయి దారికి అడ్డం పడితే నొప్పి మొదలవుతుంది. ఒక్కోసారి వీపు మీదుగా కుడి భుజం దాకా పాకుతుంది. అది గ్యాస్ మాత్రకి లొంగదు.

కొండపిండి కూర, బార్లీ నీళ్లు మనవాళ్లు కిడ్నీ రాళ్లకి వాడేవి. ఈ రాళ్లు మూత్రం దారిలో లేవు, ఎన్ని నీళ్లు తాగినా కొట్టుకుపోవు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పడిపోతాయనే వీడియోలు అస్సలు నమ్మకు. అంత నూనె తాగితే నొప్పి మళ్లీ రావచ్చు.

నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా ఏ అండ్ ఈకి (ఆస్పత్రి ఎమర్జెన్సీకి) వెళ్లు. రాయి పైత్యరసం వెళ్లే నాళంలోకి జారితే కామెర్లు, ఇన్ఫెక్షన్, క్లోమం వాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అనుమానంగా ఉంటే వైద్య సలహా ఇచ్చే 111 నంబర్‌కి ఫోన్ చెయ్యి. ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడుగు, డబ్బు తీసుకోరు.

రీడింగ్ నుంచి:
అక్క చెప్పిందంతా నిజమమ్మా. మా ఆవిడకీ ఇదే అయింది. ఆపరేషన్‌లో రాళ్లొక్కటే కాదు, చిన్న రంధ్రాలు పెట్టి సంచి మొత్తం తీసేస్తారు. అది లేకపోయినా పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి వెళ్తుంది. తను ఇప్పుడు నెయ్యితో సహా అన్నీ తింటోంది. వెయిటింగ్ లిస్ట్ నెలలు పట్టొచ్చు. డాక్టర్ సరేనంటే ఇండియా వెళ్లి చేయించుకోవడంలో తప్పులేదు, కానీ జ్వరమో కామెర్లో ఉంటే విమానం ఎక్కొద్దు. అందాకా వేపుళ్లు తగ్గించు. అలాగని పస్తులుండి గబగబా బరువు తగ్గకు, దానివల్లా రాళ్లు ఏర్పడతాయి. నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, అంతకుముందు ఏం తిన్నావు అన్నది ఫోన్‌లో రాసుకుని జీపీకి చూపించు.