తుపాకీ రూల్స్ బిగిస్తే తగ్గేది తుపాకులా, లైసెన్సులా?

దేవరకొండ రైతుబిడ్డ:
మాది దేవరకొండ పక్కన పల్లె. పత్తి, పల్లి వేస్తాం. అడవి పందులు రాత్రికి రాత్రే పల్లి చేను తవ్వి పోస్తున్నాయి. పోయినేడు డబుల్ బ్యారెల్ లైసెన్స్‌కు అర్జీ పెడితే తిప్పి పంపారు, ఎందుకో చెప్పలేదు. నాటు తుపాకీ దాచుకున్నవాళ్లు మాత్రం హాయిగా ఉన్నారు. రూల్ బిగించిన కొద్దీ చట్టానికి భయపడేవాడే నష్టపోతున్నాడు, దొంగ బజారుకు ఢోకా లేదు. ఇక ఈ కట్టడి ఎవరి కోసం? బయటి దేశాల్లో కూడా ఇట్లనే ఉందా?

పాలమూరు హవల్దార్ (రిటైర్డ్):
తమ్మీ, నీ బాధ నిజమే, నీ వాదన మాత్రం ఒప్పుకోను. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్ కాల్పులు గుర్తున్నాయా? ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. కాల్చినవాళ్లు ఖాండ్వా జైలు నుంచి పారిపోయిన సిమి అనే నిషేధిత సంస్థ ముఠా మనుషులు. పోతూ పోలీసుల ఆయుధమే లాక్కుపోయారు. ట్రైనింగ్ ఉన్నవాళ్ల చేతిలోంచే పోతే, మంచె మీద ఒంటరిగా పడుకునే రైతు దగ్గర తుపాకీ నిలుస్తుందా? నక్సలైట్ల రోజుల్లో పటేళ్ల ఇళ్లలో లైసెన్స్ తుపాకులు ఎట్ల పోయాయో మీ ఊరి పెద్దలను అడుగు. ఎన్నికల కోడ్ రాగానే తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమనేది ఊరికే కాదు.

మాడ్గుల చిన్నోడు:
ఇంత చర్చ ఎందుకన్నా, చేను చుట్టూ కరెంటు తీగ పెడితే అయిపోతుంది కదా.

పాలమూరు హవల్దార్ (రిటైర్డ్):
ఆ తీగలకు పక్క చేను మనుషులు చస్తున్నారు. మాడరేటర్ గారూ, ఆ పోస్ట్ తీసేయండి.

మిర్యాలగూడ టు డాలస్:
బయటి దేశాల సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నా. స్మాల్ ఆర్మ్స్ సర్వే వాళ్ల 2017 అంచనా ప్రకారం ప్రపంచంలో మామూలు జనం దగ్గర 85.7 కోట్ల తుపాకులు ఉంటే, అందులో 39.3 కోట్లు ఒక్క అమెరికాలోనే. ఇక్కడి జనాభా కంటే ఎక్కువ.

ఇక్కడి మార్కెట్ తమాషా ఏంటంటే, రూల్ రాకముందే, వస్తుందన్న భయానికే అమ్మకాలు పెరుగుతాయి. 2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. ఒబామా నిషేధం తెస్తాడని జనం షాపుల మీద పడి ఏఆర్-15 రైఫిళ్లు కొన్నారు. 2020లో కరోనా, అల్లర్లు, ఎన్నికలు ఒకేసారి వచ్చాయి. ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు (తుపాకీ కొనేవాడి నేరచరిత్ర విచారణ) 2019లో 2.8 కోట్లుంటే ఆ ఏడాది 3.9 కోట్లు దాటాయి. మధ్యలో ట్రంప్ గెలిచినప్పుడు ఏమైందో తెలుసా? నిషేధం భయం పోయింది, అమ్మకాలు పడిపోయాయి, 2018లో రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తుపాకులంటే ఇష్టపడే ప్రభుత్వం వచ్చి తుపాకీ కంపెనీల కడుపు కొట్టింది! మసాచుసెట్స్‌లో కొన్ని రకాల తయారీనే నిషేధించే బిల్లు పెడితే, అక్కడి తుపాకీ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 2021లో హెడ్ ఆఫీసు టెన్నెసీకి మారుస్తామని ప్రకటించింది. అంతే, తయారీ ఆగలేదు, ఊరు మారింది.

రైతన్న ప్రశ్నకు అసలు జవాబు మెక్సికోలో ఉంది. అక్కడ చట్టప్రకారం తుపాకీ అమ్మే దుకాణాలు దేశం మొత్తానికి రెండే, అవీ సైన్యం నడిపేవి. అయినా ముఠాల చేతుల్లో తుపాకులకు కొదవ లేదు. పట్టుబడ్డాక ఆరా తీస్తే చాలావరకు అమెరికా షాపుల్లో కొన్నవే. మెక్సికో ప్రభుత్వం అమెరికన్ కంపెనీల మీద కేసు వేసింది, 2025 జూన్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. రూల్ తప్పని నేననను. పక్కింటి తలుపు తీసి ఉంటే మన తాళం ఎంత గట్టిదైనా లాభం లేదంటాను.

వకీలు, నాగర్‌కర్నూల్:
డాలస్ మిత్రుడి మాటకు కొంచెం అడ్డం. మన దగ్గర తాళం ఒక్కటే సమస్య కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో అదీ సమస్య. జమ్మూకశ్మీర్‌లో డబ్బులకు లైసెన్సులు అమ్మారన్న కేసును సీబీఐ దర్యాప్తు చేసింది. అక్కడ 2012-16 మధ్య ఇచ్చినవే రెండున్నర లక్షలు దాటాయి. అంత కఠినమైన చట్టం కిందే ఇదీ జరిగింది.

మామూలు మనిషి విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే దారి 1980ల నుంచి మూసేశారు. అందుకే తాతల నాటి వాల్తర్ పిస్టల్ సెకండ్ హ్యాండ్‌లోనే లక్షలకు లక్షలు పలుకుతుంది. లేదంటే కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ .32 రివాల్వర్. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది, దొంగ తయారీకి శిక్షను యావజ్జీవం దాకా పెంచింది. బ్రెజిల్ టారస్ కంపెనీ జిందాల్‌తో కలిసి హిసార్‌లో ఫ్యాక్టరీ పెట్టిందంటే, మన రైతును చూసి కాదు, సైన్యం, పోలీసు టెండర్లను చూసే అనుకుంటాను. 2013లో ఐరాస ఆయుధ వ్యాపార ఒప్పందానికి భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది. ఎగుమతి దేశాలకే అనుకూలంగా ఉంది, ఉగ్రవాదుల చేతికి ఆయుధాలు చేరకుండా ఆపే పట్టు లేదు అని మన వాదన. నాకైతే ఆ వాదన సబబుగానే ఉంది.

రైతుబిడ్డా, ఇప్పుడు నీ సంగతి. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 13(3) చదువు. పంట కాపలాకు మందు కూరే తుపాకీ, అంటే మనవాళ్ల భర్మార్, లైసెన్స్ ఇవ్వాలని అందులోనే ఉంది. అది సరిపోదని అధికారి నమ్మితే డబుల్ బ్యారెల్ కూడా ఇవ్వొచ్చు.

దేవరకొండ రైతుబిడ్డ:
ఈ మాట ఎవరూ చెప్పలేదు సార్. ఊళ్లో చాటుగా దాచుకున్నది కూడా భర్మారే! నాకు ఆస్తి తక్కువని ఇవ్వలేదేమో అనుకున్నా.

వకీలు, నాగర్‌కర్నూల్:
ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదు, సెక్షన్ 14 చూడు. కారణం రాతలో అడుగు. అది వచ్చాక సెక్షన్ 18 కింద అప్పీల్. కానీ లైసెన్స్ వచ్చినంత మాత్రాన పందిని కాల్చకు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ అనుమతి వేరే.

పాలమూరు హవల్దార్ (రిటైర్డ్):
వచ్చినా సరే, రాత్రిళ్లు చేను కాడ ఒంటరిగా పట్టుకుని కూర్చోవద్దు. నా మాట అదే.

దేవరకొండ రైతుబిడ్డ:
పందులు పగటి పూట రావు కదా సార్. అదట్ల ఉంచండి, కారణం రాతలో ఇమ్మని సోమవారం పోయి అడుగుతా.

వకీలు, నాగర్‌కర్నూల్:
కాగితం చేతికొచ్చాక ఇక్కడే పెట్టు, పేరు, నంబర్లు చెరిపేసి. అప్పీల్ డ్రాఫ్ట్ నేను చూస్తా.