పల్లాడియం మట్టికి అంటడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పొరలమట్టి (ప్రశ్న)
నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. బంకమట్టి మీద పల్లాడియం నిలిపి హెక్ రియాక్షన్‌కి (పల్లాడియం సాయంతో రెండు సేంద్రియ అణువుల్ని కార్బన్-కార్బన్ బంధంతో కలిపేది) వాడాలన్నది నా పని. మాంట్‌మొరిల్లొనైట్ కె10 అనే బంకమట్టి రెండు గ్రాములు నీళ్లలో కలిపి, సోడియం టెట్రాక్లోరోపల్లాడేట్ ద్రావణం పోసి రాత్రంతా స్టిర్ చేశాను. పొద్దున సెంట్రిఫ్యూజ్‌లో పెడితే పైన తేరిన నీళ్లు నిన్నటి రంగులోనే ఉన్నాయి, పలచటి టీ డికాక్షన్‌లా. మట్టిని మూడుసార్లు కడిగాను, మూడుసార్లూ రంగు దిగింది.

ఎంతో కొంత మిగిలి ఉంటుందిలే అని, దాన్ని లోహంగా మార్చడానికి హైడ్రజీన్ వేస్తే మట్టి బూడిదరంగుకి తిరిగింది. అయోడోబెంజీన్, బ్యూటైల్ ఆక్రిలేట్, ట్రైఇథైలమీన్ తీసుకుని డీఎంఎఫ్ అనే ద్రావకంలో 120 డిగ్రీల దగ్గర పెట్టాను. మొదటిసారి 91 శాతం ఉత్పత్తి వచ్చింది. ఎగిరి గంతేశాను. అదే మట్టితో రెండోసారి 70, మూడోసారి 22. మా గైడ్ గారు పల్లాడియం రేటు గుర్తుచేశారు. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది.

పాతకాపు
అమ్మా, నేను ల్యాబ్ వదిలి ఫార్మా యూనిట్‌లో చేరి చాలా ఏళ్లయింది. అయినా ఆ డికాక్షన్ రంగు చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. మొదట్లో నేనూ ఇదే చేశాను.

మాంట్‌మొరిల్లొనైట్ పొరలో అల్యూమినియం ఉండాల్సిన కొన్ని చోట్ల మెగ్నీషియం కూర్చుంటుంది. మూడు ప్లస్‌లు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి కాబట్టి పొర మొత్తానికి మైనస్ చార్జ్ వస్తుంది. దాన్ని సరిచేయడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం లాంటి ప్లస్ అయాన్లు చేరతాయి. నువ్వు మార్చగలిగింది వాటినే. నువ్వు పోసిన టెట్రాక్లోరోపల్లాడేటేమో రెండు మైనస్‌లున్న అయాన్. మైనస్ ఇంటికి మైనస్ చుట్టాన్ని పంపావు, గుమ్మంలోంచే తిరిగొచ్చింది. కడిగినప్పుడల్లా దిగిన రంగు అదే.

ఈ మట్టే కావాలంటే పల్లాడియాన్ని టెట్రాఅమీన్ రూపంలో తీసుకో, అది ప్లస్ అయాన్. అప్పుడు కూడా కె10 వద్దు. దాన్ని ఆసిడ్‌తో ఉడికించి తయారుచేస్తారు, పొరలు సగం చెదిరి ఉంటాయి. మామూలు సోడియం రకం వంద గ్రాములకి 80 నుంచి 120 మిల్లీఈక్వివలెంట్ల (అయాన్ల చార్జ్‌ని లెక్కగట్టే కొలత) దాకా అయాన్లు మార్చుకుంటుంది, కె10కి అంత శక్తి ఉండదు.

లేదంటే మట్టినే మార్చు. హైడ్రోటాల్సైట్ అనే మెగ్నీషియం-అల్యూమినియం పొరల మట్టిలో కథ అడ్డం తిరుగుతుంది: మెగ్నీషియం చోట అల్యూమినియం కూర్చుంటుంది, పొర ప్లస్ అవుతుంది, మధ్యలో మైనస్ అయాన్లు ఉంటాయి. నీ పల్లాడేట్‌కి సరిపోయే ఇల్లు అది. మన హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం గార్ల బృందం 2002లో చేసి చూపించింది ఇదే. పల్లాడేట్‌ని ఆ పొరల్లోకి మార్చి, రెడ్యూస్ చేసి, ఒక పట్టాన లొంగని క్లోరోబెంజీన్ల మీద హెక్ రియాక్షన్, దానిలాగే కార్బన్లని జోడించే సుజుకి రియాక్షన్ రెండూ నడిపారు.

తెల్లపొడి
సార్ చెప్పింది కరెక్టే. ఒక్క జాగ్రత్త: హైడ్రోటాల్సైట్‌కి కార్బొనేట్ అంటే ప్రాణం. ఒకసారి లోపలికి వెళ్లిందంటే పల్లాడేట్ దాన్ని కదపలేదు. అందుకని పొరల మధ్య నైట్రేట్ ఉండే రూపం చేసుకోండి. మెగ్నీషియం, అల్యూమినియం నైట్రేట్లు 3:1, పీహెచ్ 10, పైన నైట్రోజన్. నీళ్లు మరగకాచి మూతపెట్టి చల్లార్చినవే వాడాలి. సోడియం హైడ్రాక్సైడ్ డబ్బా పాతదైతే పక్కన పెట్టేయండి, గుళికల మీద తెల్లగా పేరుకునేది కార్బొనేటే. ఎక్స్‌ఆర్‌డీలో (పొరల మధ్య దూరం చెప్పే ఎక్స్‌-రే పరీక్ష) మొదటి పీక్ 11.6 డిగ్రీల దగ్గర వస్తే కార్బొనేట్ దూరినట్టు. 10 దగ్గర వస్తే నైట్రేట్.

పాతకాపు
ఇంకో మాట. అయోడోబెంజీన్‌తో వచ్చిన 91ని నమ్మకు. ద్రావణంలోకి జారిన చిటికెడు పల్లాడియం చాలు, ఆ రియాక్షన్ అయిపోతుంది. రియాక్షన్ సగంలో ఉండగా, వేడి మీదే వడకట్టి, దిగిన ద్రావణాన్ని మళ్లీ 120 దగ్గర పెట్టి చూడు. మట్టి లేకుండానే రియాక్షన్ ముందుకు సాగితే పల్లాడియం జారినట్టే. చల్లారనిచ్చావా, కరిగిన పల్లాడియం మళ్లీ మట్టి మీదికి చేరిపోతుంది, నీకు ఏమీ తెలియదు. ముందు ఫన్నెల్‌ని ఓవెన్‌లో పెట్టి వేడిచేసుకో.

పొరలమట్టి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. మొదటి బ్యాచ్‌కి పీక్ సరిగ్గా 11.6 దగ్గరే వచ్చింది. మా డబ్బా మూత ఎప్పటినుంచి వదులుగా ఉందో ఎవరికీ తెలియదు. కొత్త డబ్బాతో చేస్తే 10.1. పల్లాడేట్ పోసిన రెండు గంటలకి పైనున్న నీళ్లు రంగు పోయి తేటబడ్డాయి, మట్టి మాత్రం లేత గోధుమరంగుకి వచ్చింది. ఫోటో తీసి అమ్మకి కూడా పంపాను.

పాతకాపు గారూ, పాత కె10 పొడి కొంచెం మిగిలుంటే వేడి వడపోత దానితో చేసి చూశాను. వడకట్టేటప్పటికి 35 శాతం. మట్టి లేకుండానే రెండు గంటల్లో 81కి వెళ్లింది. కొత్త మట్టితో వేడి వడపోత రేపు. ఫన్నెల్ ఇప్పుడే ఓవెన్‌లో పెట్టాను.