తెలుగు బటన్లలో వత్తులు తెగుతున్నాయి – లైన్ హైట్ ఎంత పెట్టాలి?
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే రైతుల కోసం ఆండ్రాయిడ్ యాప్ తెరలు ఫిగ్మాలో (డిజైన్ సాఫ్ట్‌వేర్) గీస్తున్నం. ఫాంటు నోటో సాన్స్ తెలుగు, సైజు 16, లైన్ హైట్ (ఒక్కో లైనుకిచ్చే నిలువు చోటు) 20. ఇంగ్లిషుకు సరిపోయిన ఈ కొలతే తెలుగుకు ఇరుకు: ఫోన్‌లో ‘చెల్లింపు’, ‘కొనుగోలు కేంద్రం’లో కింది వత్తు సగం తెగుతుంది. ‘రాష్ట్రం’ సంగతి చెప్పనే అక్కర్లేదు.

లైన్ హైట్ 26 చేస్తే వత్తులు బతికినయి. కానీ బటన్ మీది పేరు రెండు లైన్లైతే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఎత్తు బటన్‌లో పట్టదు. ఎత్తు బిగించకుండా, 48ని కనీసంగా పెట్టి ఫిగ్మా ఆటో లేఅవుట్‌తో పేరును బట్టి పెరగనిస్తున్నం.

అసలు చిక్కు: ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ (పొడుగు లిపులకు పైనా కిందా ఎక్కువ చోటిచ్చే ఆండ్రాయిడ్ సెట్టింగు) ఆన్ చేస్తే (ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేస్తే అది దానంతటదే ఆన్) ఫోన్‌లో లైన్లు ఫిగ్మా కొలత కంటే ఎడంగా వస్తున్నయి. రెండూ కలిసేలా తెలుగుకు వేరే టెక్స్ట్ స్టైల్ పెట్టినవాళ్లున్నరా? ఫాంట్ స్కేల్ (ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంపు) 1.3 దగ్గర మీ కొలతలు చెప్పండన్నా.